అమెరికా పెరటి ట్రాక్టర్లు: విప్పి, బాగుచేసి, మళ్లీ దున్నే అభిరుచి

1994 జులైలో అమెరికాలోని అయోవా రాష్ట్రం, లారెన్స్ అనే చిన్న ఊరి నుంచి 73 ఏళ్ల ఆల్విన్ స్ట్రెయిట్ ఒంటరిగా బయలుదేరారు. పక్షవాతం వచ్చిన అన్న హెన్రీని చూడటానికి పక్క రాష్ట్రం విస్కాన్సిన్ వెళ్లాలి. దూరం 240 మైళ్లు, అంటే సుమారు 385 కిలోమీటర్లు. చూపు సరిగా లేకపోవడంతో ఆయనకు డ్రైవింగ్ లైసెన్సు లేదు. అందుకే లైసెన్సు అక్కర్లేని వాహనాన్ని ఎంచుకున్నారు. అది 1966లో తయారైన జాన్ డీర్ గడ్డి కోసే ట్రాక్టర్. దాని వెనుక చిన్న ట్రెయిలర్ తగిలించుకుని, గంటకు 8 కిలోమీటర్ల వేగంతో సాగిపోయారు.

ఇంకా 35 కిలోమీటర్లు కూడా దాటకముందే, వెస్ట్ బెండ్ అనే ఊళ్లో ఇంజన్ మొరాయించింది. పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు, జనరేటర్, స్టార్టర్ మార్పించడానికి 250 డాలర్లు ఖర్చయ్యాయి. మధ్యలో డబ్బులైపోతే పింఛను వచ్చేదాకా ఆగారు. అన్న ఇల్లు రెండు మైళ్లు ఉందనగా బండి మళ్లీ ఆగింది. దారిన పోయే రైతు ఒకరు సాయం పట్టారు. ఆగస్టు నడిమికి ఆయన అన్నను చేరుకున్నారు. ఈ ప్రయాణం ఆధారంగానే డేవిడ్ లించ్ 1999లో ‘ద స్ట్రెయిట్ స్టోరీ’ సినిమా తీశారు.

అన్నదమ్ముల అనుబంధం కథగా ఇది ప్రపంచానికి తెలుసు. అయితే ఇందులో యంత్రం కథ కూడా ఉంది. 28 ఏళ్ల పాత బండి చిన్న ఊళ్లో ఆగిపోతే, కావాల్సిన సామాను దొరికింది, బిగించారు, బండి కదిలింది. అమెరికాలో, బ్రిటన్‌లో ఎంతోమంది పాత పెరటి ట్రాక్టర్లను వెతికి తెచ్చి, విప్పి, బాగుచేసుకుని వాడుకోవడం వెనుక ఉన్న అసలు ఆకర్షణ ఇదే. ఆ యంత్రాన్ని మామూలు మనిషి తెరవగలడు, అర్థం చేసుకోగలడు.

పెరటి ట్రాక్టర్ అంటే ఏమిటి?

మీద కూర్చుని గడ్డి కోసే యంత్రాలన్నీ పెరటి ట్రాక్టర్లు కావు. పచ్చిక కోయడానికి మాత్రమే పనికొచ్చే తేలికపాటి బండ్లు ఒక రకం. వాటి చట్రం పలుచటి రేకుతో చేసినది. గేర్‌బాక్స్ కూడా తేలికైనదే. నేలలో నాగలి దించి లాగితే అవి తట్టుకోలేవు.

పెరటి ట్రాక్టర్ అచ్చంగా పొలం ట్రాక్టర్‌కు చిన్న రూపం. మందపాటి ఉక్కు చట్రం, పోత ఇనుముతో చేసిన వెనుక గేర్‌బాక్స్, పెద్ద వెనుక చక్రాలు ఉంటాయి. ఇంజన్ సామర్థ్యం ఎక్కువగా 7 నుంచి 20 హార్స్‌పవర్ వరకు ఉంటుంది. గడ్డి కోసే డెక్‌తో పాటు చిన్న నాగలి, మట్టిని గుల్లచేసే టిల్లర్, మట్టి నెట్టే బ్లేడ్, మంచు ఎత్తిపోసే యంత్రం వంటివి దానికి తగిలించవచ్చు. ఎకరం, రెండెకరాల స్థలం, కూరగాయల మడి, చలికాలంలో మంచు పేరుకునే దారి ఉన్న ఇంటివారికి ఈ ఒక్క బండి చాలు.

ఎలా పుట్టాయి?

చిన్న తోటలకు యంత్రం తయారు చేయాలన్న ఆలోచన పాతదే. వెస్ట్ వర్జీనియాకు చెందిన ఫొటోగ్రాఫర్ బెంజమిన్ గ్రేవ్లీ, చేతితో నెట్టే నాగలికి మోటార్‌సైకిల్ భాగాలు జోడించి ప్రయోగాలు చేశారు. వెనుక నడుస్తూ నడిపే ఆ మోటారు నాగలికి 1916లో పేటెంట్ వచ్చింది. గ్రేవ్లీ పేరుతో వచ్చిన నడిచే ట్రాక్టర్లు దశాబ్దాల పాటు తయారయ్యాయి.

మీద కూర్చుని నడిపే చిన్న ట్రాక్టర్లకు గిరాకీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెరిగింది. సైన్యం నుంచి తిరిగొచ్చిన కుటుంబాల కోసం నగరాల చుట్టూ కాలనీలు వెలిశాయి. న్యూయార్క్ దగ్గర 1947లో మొదలైన లెవిట్‌టౌన్ అందుకు పేరున్న ఉదాహరణ. నగరం అంచు దాటితే ఇళ్ల స్థలాలు ఇంకా పెద్దవి. పొలం వదిలి ఉద్యోగాల్లోకి వచ్చినవారికి ట్రాక్టర్ అలవాటైన వస్తువే, కాకపోతే అంత పెద్దది అక్కర్లేదు.

ఇండియానాలోని సౌత్ బెండ్‌లో 1946లో పాండ్ కుటుంబం మొదలుపెట్టిన చిన్న సంస్థ తర్వాత ‘వీల్ హార్స్’ పేరుతో ప్రసిద్ధి చెందింది. విస్కాన్సిన్‌లోని పోర్ట్ వాషింగ్టన్ అనే ఒకే ఊళ్లో బోలెన్స్, సింప్లిసిటీ అనే రెండు పోటీ సంస్థలు ఉండేవి. తర్వాత పెద్ద ట్రాక్టర్ కంపెనీలు రంగంలోకి దిగాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961 నమూనాగా ‘కబ్ క్యాడెట్’ తెచ్చింది. జాన్ డీర్ 1963లో ‘110’ని విడుదల చేసింది. రెండింటిలోనూ 7 హార్స్‌పవర్ ఇంజన్లే.

ఇక్కడ భారతీయ పాఠకులకు తెలిసిన పేరు ఒకటి ఉంది. అమెరికాలో కబ్ క్యాడెట్లు అమ్ముతున్న ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థే 1963లో మహీంద్రా, వోల్టాస్‌లతో కలిసి భారత్‌లో ట్రాక్టర్ల తయారీ సంస్థను స్థాపించింది. అక్కడి నుంచి వచ్చిన బి-275 మన పల్లెల్లో చాలాకాలం పొలాలు దున్నింది. ఒకే కంపెనీ అదే రోజుల్లో అక్కడి పెరటికీ ఇక్కడి పొలానికీ బండ్లు అందించింది.

1980లలో పరిస్థితి మారింది. ఆర్థిక సంక్షోభంలో చిక్కుకున్న ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1981లో కబ్ క్యాడెట్‌ను ఎంటీడీ సంస్థకు అమ్మేసింది. వీల్ హార్స్‌ను 1986లో టోరో కొనుగోలు చేసింది. పెద్ద దుకాణాల్లో చౌకగా దొరికే తేలికపాటి గడ్డి కోత బండ్లు మార్కెట్‌ను నింపేశాయి. పాత పోత ఇనుము బండ్లు షెడ్ల వెనక్కి, చెట్ల కిందికి చేరాయి. నేటి అభిరుచిదారులు వాటిని వెతికేది అక్కడే.

60 ఏళ్లు ఎలా నిలిచాయి?

ఆనాటి చాలా బండ్లలో కనిపించే ఇంజన్ కోలర్ ‘కె’ శ్రేణిది. నేడు మన నగరాల్లో స్నానాల గది కుళాయిలు, సింకుల మీద కనిపించే కోలర్ పేరు, ఈ ఇంజన్ పేరు ఒకటే. విస్కాన్సిన్‌కు చెందిన ఆ సంస్థ ఇంజన్ల తయారీలోనూ పేరు తెచ్చుకుంది.

కె శ్రేణిలో ఎక్కువగా వాడినవి గాలితో చల్లబడే ఒంటి సిలిండర్ ఇంజన్లు. బ్లాకు మొత్తం పోత ఇనుము. వాల్వులు సిలిండర్ పక్కనే బ్లాకులో ఉంటాయి కాబట్టి, పైనున్న హెడ్డు ఒక మూత లాంటిది. కొన్ని బోల్టులు విప్పితే పిస్టన్ తల, వాల్వులు, పేరుకున్న మసి అన్నీ కంటికి కనిపిస్తాయి. సిలిండర్ అరిగితే లేత్ షాపులో బోరింగ్ చేయించి, అంగుళంలో వందో వంతు పెద్దదైన పిస్టన్ వేయొచ్చు. మళ్లీ అరిగితే మరో సైజు. అలా మూడుసార్ల వరకు అదే బ్లాకును వాడుకోవచ్చు.

నిప్పురవ్వ పుట్టించే పద్ధతి కూడా సులువే. పాత బజాజ్ చేతక్, యెజ్దీ నడిపినవారికి పాయింట్లను ఎమరీ కాగితంతో రుద్దిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఇందులోనూ అవే పాయింట్లు, అదే కండెన్సర్. పాయింట్ల మధ్య సందు సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. కొలవడానికి ఫీలర్ గేజ్ చాలు. ఎలక్ట్రానిక్ బోర్డు లేదు, సాఫ్ట్‌వేర్ లేదు.

చాలా బేరింగులు, ఆయిల్ సీళ్లు, బెల్టులు ప్రామాణిక కొలతల్లోనివే. వాటి మీద ఉన్న నంబరు చూపిస్తే బేరింగుల దుకాణంలో దొరుకుతాయి. ట్రాక్టర్ తయారు చేసిన కంపెనీ మూతపడినా, దాని బేరింగు తయారీ ఆగలేదు.

పని ఎక్కడ మొదలవుతుంది?

ఏళ్ల తరబడి ఆగిపోయి ఉన్న ఇంజన్‌కు వెంటనే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయడం మొదటి తప్పు. ముందు చేత్తో తిప్పి చూడాలి. పిస్టన్ పట్టేసి ఉంటే ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో తుప్పు వదిలించే నూనె పోసి కొన్ని రోజులు నాననివ్వాలి. తొందరపడి బలంగా తిప్పితే రింగులు విరిగిపోతాయి.

తర్వాత ఆయిల్. ఈ ఇంజన్లలో ఒత్తిడితో ఆయిల్ పంపే పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటె లాంటి భాగం ఆయిల్‌ను చిమ్ముతూ ఉంటుంది. ఆయిల్ మట్టం తగ్గితే గరిటెకు అందదు, రాడ్ విరుగుతుంది, విరిగిన రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికి రావచ్చు. ప్రతిసారీ నడపబోయే ముందు ఆయిల్ చూసుకోవడం ఈ అభిరుచిలో మొట్టమొదటి నియమం.

మూడోది పెట్రోలు. ట్యాంకులో మిగిలిపోయిన పాత పెట్రోలు బంకలా మారి కార్బురేటర్‌లోని సన్నని దారులను మూసేస్తుంది. దాన్ని విప్పి, ద్రావకంతో కడిగి, గాలి కొట్టి శుభ్రం చేయాలి. నేటి పెట్రోలులో కలిపే ఇథనాల్ పాత రకం రబ్బరు పైపులను పాడుచేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. అందుకే పైపులు కొత్తవి వేస్తారు. ఎక్కువకాలం వాడబోమనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి పెడతారు. అమెరికాలో సాధారణంగా కలిపేది 10 శాతం. భారత్‌లో 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. మన దగ్గర పాత బండ్ల యజమానుల మధ్య నడుస్తున్న చర్చ కూడా ఇదే.

ఇంజన్ బలాన్ని అంచనా వేయడంలో కొత్తవారు పొరపడే చోటు ఒకటుంది. మామూలుగా కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తారు. చాలా కె శ్రేణి ఇంజన్లలో స్టార్టింగ్ తేలిక కావడానికి, తక్కువ వేగంలో ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా తెరిచి ఉంచే ఏర్పాటు ఉంది. దానివల్ల బాగున్న ఇంజన్‌లో కూడా గేజ్ తక్కువ చూపిస్తుంది. సిలిండర్‌లోకి గాలిని ఒత్తిడితో పంపి, అది ఎక్కడి నుంచి లీకవుతోందో వినడం సరైన పరీక్ష. కార్బురేటర్ వైపు బుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ వైపు వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే చోట వినిపిస్తే రింగులు.

తుప్పు వదిలించే పద్ధతులు

విప్పేముందు ప్రతి దశలోనూ ఫొటోలు తీయడం, బోల్టులను వేర్వేరు డబ్బాల్లో వేసి చీటీలు అంటించడం అనుభవజ్ఞులు పదేపదే చెప్పే మాట. విప్పడానికి ఒక ఆదివారం చాలు. బిగించడానికి ఏడాది పట్టవచ్చు. అప్పటికి ఏ వాషర్ ఎక్కడిదో గుర్తుండదు.

తుప్పు పట్టిన చిన్న భాగాలకు చాలామంది విద్యుత్ విశ్లేషణ పద్ధతి వాడతారు. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు పోసి చాకలి సోడా కలుపుతారు. బ్యాటరీ చార్జర్ రుణధ్రువాన్ని తుప్పు పట్టిన భాగానికి, ధనధ్రువాన్ని పనికిరాని ఇనుప ముక్కకు తగిలిస్తారు. కొన్ని గంటల్లో తుప్పు వదులవుతుంది, మంచి లోహం అరిగిపోదు. ఈ క్రమంలో మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. ఇనుప ముక్క బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ వాడకూడదు. దాని నుంచి విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీటిలో కలుస్తాయి.

పాత రంగులో సీసం, పాత బ్రేకు లైనింగుల్లో, గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. వాటిని పొడిగా రుద్ది దుమ్ము లేపడం ప్రమాదకరం. తడిపి రుద్దడం, తగిన మాస్కు పెట్టుకోవడం తప్పనిసరి.

రంగు వేయాలా, వద్దా?

ఈ అభిరుచిలో తెగని వాదన ఇది. జాన్ డీర్ 1969 నుంచి 1971 వరకు ‘పేషియో’ పేరుతో కొన్ని బండ్లను తెల్లటి ఒంటికి పసుపు, ఎరుపు, నారింజ, నీలం రంగుల బానెట్లు, సీట్లు పెట్టి అమ్మింది. పచ్చరంగుకు మారుపేరైన కంపెనీ నుంచి వచ్చిన ఈ రంగురంగుల బండ్లను నేడు సేకర్తలు ప్రత్యేకంగా వెతుకుతారు. అలాంటివాటిని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలా తీర్చిదిద్దాలని ఒక వర్గం కోరుకుంటుంది. బోల్టు తల మీది గుర్తులతో సహా అసలైనవే ఉండాలంటారు.

మరో వర్గం రంగు జోలికే వెళ్లదు. సీటు దగ్గర అరిగిన రంగు, నాన్న చెయ్యి పడి నున్నబడిన గేరు రాడ్డు బండి చరిత్రలో భాగమన్నది వారి వాదన. ఇంజన్, బ్రేకులు, స్టీరింగ్ బాగుచేసి పైరూపాన్ని అలాగే ఉంచుతారు. ఒకసారి గీకేసిన అసలు రంగును తిరిగి తేలేమన్నది మాత్రం ఇరుపక్షాలూ ఒప్పుకునే విషయం.

బాగుచేశాక ఏం చేస్తారు?

చాలామంది వాడుకుంటారు. వేసవిలో గడ్డి, వసంతంలో కూరగాయల మడి, చలికాలంలో మంచు. వాడని యంత్రం మళ్లీ తుప్పు పడుతుందని వారికి తెలుసు.

వసంతంలోనూ, శరదృతువులోనూ ‘దున్నే రోజులు’ జరుగుతాయి. ఎవరో ఒక రైతు కొంత పొలం ఇస్తే, పదుల సంఖ్యలో చిన్న ట్రాక్టర్లు వచ్చి వరుసగా చాళ్లు తీస్తాయి. అక్కడ వేగం ఎవరికీ పట్టదు. చాలు తిన్నగా వచ్చిందా, మట్టి సరిగ్గా తిరగబడిందా అన్నదే చూస్తారు. బరువు లాగే పోటీలు మరో ఆకర్షణ. ముందుకు పోయేకొద్దీ భారం పెరిగే బండిని ఎవరి ట్రాక్టర్ ఎక్కువ దూరం లాగితే వారు విజేత. ఒంగోలు ఎడ్లతో బండ లాగుడు పోటీలు చూసినవారికి ఆ ఉత్సాహం కొత్త కాదు.

అయోవాలోని మౌంట్ ప్లెజెంట్‌లో 1950 నుంచి జరుగుతున్న పాత నూర్పిడి యంత్రాల జాతర వంటి చోట్ల ఆవిరి యంత్రాలు, పొలం ట్రాక్టర్లు కొలువుదీరుతాయి. బ్రిటన్‌లోనూ ఈ సంప్రదాయం బలమైనదే. ఇప్స్‌విచ్‌కు చెందిన రాన్‌సమ్స్ 1936లో తెచ్చిన ఎంజీ అనే చిన్న గొలుసు చక్రాల ట్రాక్టర్ అక్కడి సేకర్తలకు ఎంతో ఇష్టమైనది.

ఖర్చు, ప్రమాదం

డబ్బు సంపాదించే మార్గం కాదిది. బోరింగ్, పిస్టన్, వాల్వులు, టైర్లు, రంగు కలిపితే ఖర్చు చాలాసార్లు బండి అమ్మకపు ధరను దాటిపోతుంది. అందుకే ఒకే నమూనావి రెండు కొని, ఒకదాని భాగాలతో మరొకదాన్ని నిలబెట్టడం ఆనవాయితీ. కొనేముందు ఇంజన్ చేత్తో తిరుగుతోందా, గేర్‌బాక్స్ పగిలి వెల్డింగ్ చేసిన గుర్తులున్నాయా, గడ్డి కోసే డెక్ తుప్పుతో చిల్లులు పడిందా అని చూస్తారు. రేకు భాగాలు, డెక్‌లు దొరకడం ఇంజన్ భాగాలు దొరకడం కన్నా కష్టం.

పాత బండిలో కొత్త భద్రతా ఏర్పాట్లు ఉండవు. సీటు మీంచి లేస్తే ఇంజన్ ఆగిపోయే స్విచ్ చాలావాటిలో లేదు. ఉన్నా ఎవరో ఎప్పుడో తీసేసి ఉంటారు. గేరులో ఉండగా స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్ తీగలు కలిపితే బండి మనిషి మీదికే దూకవచ్చు. వాలు నేల మీద బోల్తా పడితే కాపాడే చట్రం లేదు. బాగుచేసేటప్పుడే ఈ స్విచ్‌లు అమర్చడం, ప్లగ్గు తీగ పీకకుండా బ్లేడు దగ్గర చెయ్యి పెట్టకపోవడం, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నడపకపోవడం ప్రాణాలు కాపాడే అలవాట్లు.

మరమ్మతు హక్కుతో ముడి

ఈ అభిరుచి ముసలివాళ్ల కాలక్షేపంగా కనిపించవచ్చు. కానీ దాని అడుగున ఉన్న ప్రశ్న నేటిది. కొన్న యంత్రాన్ని బాగుచేసుకునే హక్కు ఎవరిది?

నేటి పెద్ద వ్యవసాయ యంత్రాల్లో చాలా మరమ్మతులకు కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. ఆ సాఫ్ట్‌వేర్ పూర్తి రూపంలో అధీకృత డీలర్ల దగ్గరే ఉంటోందన్నది అమెరికా రైతుల ఫిర్యాదు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుపై చట్టం చేసింది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రెండు రాష్ట్రాలతో కలిసి జాన్ డీర్ తయారీ సంస్థ డీర్ అండ్ కంపెనీపై దావా వేసింది. ఆ ఆరోపణలను కంపెనీ ఖండించింది. ఇదే కంపెనీ 1966లో చేసిన బండిని ఆల్విన్ స్ట్రెయిట్ దారి మధ్యలో చిన్న ఊళ్లో బాగుచేయించుకోగలిగారు. రెండు కాలాల మధ్య తేడా అక్కడ కనిపిస్తుంది. నేటి యంత్రాలు ఎక్కువ పని చేస్తాయి, తక్కువ పొగ వదులుతాయి. కానీ ఆగిపోయినప్పుడు వాటిని తెరిచే తాళం రైతు చేతిలో ఉండదు.

భారత్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు విధానం కోసం కమిటీ వేసింది. గుర్తించిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. మిగతా మూడు: మొబైళ్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు. అదే ఏడాది డిసెంబరులో కంపెనీల మరమ్మతు సమాచారాన్ని ఒకచోట చేర్చే పోర్టల్ మొదలైంది.

మన దగ్గర పచ్చిక కోసే ట్రాక్టర్ సంస్కృతి లేదు. స్థలాలు చిన్నవి, ఎండలు ఎక్కువ. కానీ ఆ యంత్రాల బంధువులు ఉన్నాయి. బావుల దగ్గర హ్యాండిల్‌తో తిప్పి స్టార్ట్ చేసే ఒంటి సిలిండర్ ఆయిల్ ఇంజన్ వాటిలో ముఖ్యమైనది. ఇంగ్లండ్‌లోని డర్స్‌లీలో లిస్టర్ సంస్థ 1929 ప్రాంతంలో రూపొందించిన సీఎస్ ఇంజన్ నమూనాను గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు, అక్కడ దాని తయారీ ఆగిపోయాక కూడా తయారు చేస్తూ వచ్చాయి. పాశ్చాత్య దేశాల పాత యంత్రాల ప్రియులు వాటిని ముచ్చటపడి తెప్పించుకున్నారు. ఉద్గార నిబంధనలు అడ్డుపడేదాకా అమెరికాకూ అవి వెళ్లాయి.

కరెంటు మోటార్లు వచ్చాక మన ఊళ్లలో ఆ ఇంజన్లు చాలావరకు పాత ఇనుము కింద కాటాకెక్కాయి. ఇంకా కొన్ని గొడ్ల చావిళ్లలో, మోటారు షెడ్లలో ఉన్నాయి. వాటిని విప్పడం తెలిసిన మెకానిక్‌లు కూడా కొందరు ఉన్నారు. అమెరికాలో ఈ అభిరుచి నిలబడటానికి కావాల్సినవి కూడా ఆ రెండే: పారేయని యంత్రం, దాన్ని తెరవడం నేర్పే మనిషి.